పది నిమిషాల కుంచె పని ఎవరి ఖాతాలో?

(సోలాపూర్ పూర్వ భాగంలోని నేత కార్మికుల వాడలో, అంచులు కుట్టే మహిళలూ మగ్గాలు నడిపే కార్మికులూ కలిసి కూర్చున్న సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా మహర్నవమి నాడు, ఇక్కడి వాళ్ళు ఖండే నవమి అనే రోజున, మన కార్ఖానాల్లో మిషన్లు ఆగుతాయి. మగ్గాన్ని శుభ్రంగా తుడుస్తాం. కుట్టు మిషనును నూనె గుడ్డతో రుద్దుతాం. పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొడతాం. ఆ ఒక్కరోజు మిషను కళకళలాడుతుంది. పండుగ వెళ్ళి మొదటి పాళీ మొదలైన గంటకే దాని మీద మళ్ళీ తెల్లటి నూగు కమ్ముకుంటుంది. ఏడాదికి ఒకరోజు దండం పెట్టిన మిషనును మిగతా రోజుల్లో ఎవరు శుభ్రం చెయ్యాలి? ఎప్పుడు చెయ్యాలి? ఆ సమయానికి కూలి ఎవరివ్వాలి? ఈ మూడు ప్రశ్నలే ఇవాళ మీ ముందు పెట్టదలిచాము.

కూలి రేట్లు, బోనసు, పి.ఎఫ్. వదిలేసి కుంచె గురించి మాట్లాడతారేమిటని కొందరు అడగవచ్చు. మేమూ మొదట ఇది చిన్న విషయమే అనుకున్నాము. లెక్క వేసి చూశాక మా అభిప్రాయం మారింది. ఈ నూగులో మన కూలి ఉంది, మన ఊపిరి ఉంది, మన వేళ్ళున్నాయి. ఒక్కొక్కసారి ప్రాణం కూడా ఉంది.

ముందు మిషను సంగతి చూద్దాం. సోలాపూర్ పేరు చెప్పగానే దేశమంతా గుర్తుకొచ్చేవి రెండు: చద్దర్, తువ్వాలు. తువ్వాలుకు రెండు వైపులా నూలు ఉంగరాలు లేచి ఉంటాయి. నీళ్ళు పీల్చేది ఆ ఉంగరాలే, పీచు రాల్చేదీ అవే. బట్టను కోసినచోట తెగిన పోగులు రాలుతాయి. అంచు మడిచి సూది కిందికి తోసినప్పుడు ఇంకా రాలుతాయి. చొక్కా గుడ్డ కుట్టే మిషను వారం రోజుల్లో పట్టే నూగును తువ్వాళ్ళ అంచులు కుట్టే మిషను ఒకటి రెండు రోజుల్లోనే పడుతుంది. ఇది మిషను ముందు కూర్చున్న ఏ అక్కనడిగినా చెబుతుంది.

ఆ నూగు ఎక్కడికి పోతుంది? సూది కింద ఉండే ఇనుప ప్లేటు సందుల్లోంచి లోపలికి దిగుతుంది. ప్లేటు కింద బట్టను ముందుకు జరిపే పళ్ళుంటాయి. ఆ పళ్ళ మధ్య నూగు పడి, నూనె తాగి, అణిగి అణిగి కంబళి ముక్కలా గట్టిపడుతుంది. అప్పుడు పళ్ళు పూర్తిగా పైకి లేవవు. బట్ట సరిగా జరగదు. ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి పడుతుంది. బాబిన్ కేసు పక్కనుండే సన్నని పట్టీ కింద నూగు దూరితే దారం బిగువు తప్పి, బట్ట అడుగున ఉచ్చులు ఉచ్చులుగా వస్తుంది. షటిల్ తిరిగే గాడిలో చేరిన నూగు అక్కడి నూనెనంతా పీల్చేస్తుంది. ఇనుమూ ఇనుమూ పొడిగా రాసుకుని వేడెక్కుతాయి. చివరికి దారం చిక్కుకుని మిషను పట్టేస్తుంది.

అప్పుడు ఏం జరుగుతుందో మనకందరికీ అనుభవమే. "నీ చెయ్యి బాగాలేదు, కుట్టు తప్పింది" అంటారు. కుట్టు తప్పిన ముక్కలను పక్కన పడేసి కూలిలో కోత పెడతారు. మిస్త్రీ వచ్చేదాకా మిషను ఖాళీ, మనమూ ఖాళీ. ముక్కల లెక్కన పనిచేసే మనిషికి ఖాళీ అంటే పస్తే. చేతిలో లోపం లేదు, ప్లేటు కింద గుప్పెడు నూగు ఉంది. ఆ నూగు తీసే వ్యవధి మనకెవరూ ఇవ్వలేదు.

ఇక శుభ్రం చేసే పద్ధతి. తెలిసినవారికి ఇది చాదస్తంగా తోచవచ్చు. కానీ బీడీ చాట పక్కనపెట్టి కొత్తగా మిషను ముందు కూర్చున్న చెల్లెళ్ళు మన మధ్య చాలామంది ఉన్నారు. వారి కోసం వివరంగా చెబుతున్నాము.

మొదటి మాట, అన్నిటికన్నా ముఖ్యమైన మాట: స్విచ్చి ఆపండి, ప్లగ్గు పీకండి. క్లచ్చి మోటారు ఉన్న పాత మిషన్లలో స్విచ్చి ఆపాక కూడా మోటారు కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో కాలు పెడలుకు తగిలితే సూది ఒక్కసారి దిగుతుంది. చప్పుడు పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టండి. 

తర్వాత సూది పైకి లేపి విప్పండి. ఫుట్ తీసెయ్యండి. బాబిన్ కేసు బయటికి తీసుకోండి. సూది కింది ప్లేటు స్క్రూలు విప్పి ఒక గిన్నెలో వేసుకోండి. చేతిలో పెట్టుకుంటే నూగులో పడి పోతాయి. ఇప్పుడు పళ్ళ మధ్య ఉన్న నూగును గట్టి వెంట్రుకల చిన్న కుంచెతో మీ వైపుకు లాగండి. లోపలికి నెట్టవద్దు. గట్టిపడిన ముక్కను వెదురు పుల్లతోనో చిన్న చిమటాతోనో తియ్యండి. బ్లేడు, పిన్నీసు వాడితే లోపలి నునుపు భాగాల మీద గీతలు పడతాయి, ఆ గీత దగ్గర దారం తెగుతూనే ఉంటుంది. ఇళ్ళలో ఉండే నల్లటి తొక్కుడు మిషన్లలో షటిల్ మీద ఒక రింగు, దాన్ని పట్టుకుని రెండు చిన్న గొళ్ళేలు ఉంటాయి. గొళ్ళేలు పక్కకు తిప్పితే రింగూ షటిలూ రెండూ చేతికొస్తాయి. ఆ గాడిని మెత్తటి గుడ్డతో తుడిచి ఒక్క చుక్క నూనె వెయ్యండి. ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే నూగు మరింత అంటుకుంటుంది, తెల్ల తువ్వాలు మీద మరక పడుతుంది, ఆ మరకకు మళ్ళీ కోత మనకే.

నూనె అంటే మిషను నూనె. కొబ్బరినూనె, పల్లీనూనె వెయ్యకండి. అవి కొన్నాళ్ళకు జిగురులా పట్టుకుంటాయి. కార్ఖానాలోని పెద్ద మిషన్లలో అడుగున నూనె తొట్టి ఉంటుంది. మిషను తల వెనక్కి వంచి ఆ తొట్టిలో నూనె రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి. నూగు పడి బురదలా నల్లబడి ఉంటే ఆ నూనె మార్చాల్సిందే. అన్నీ బిగించాక ముందు పాత గుడ్డ మీద కుట్టి చూసి, తర్వాతే సరుకు మీద పెట్టండి.

అలవాటు పడిన చేతికి రోజూ చేసే ఈ కుంచె పని పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల దగ్గరికి మళ్ళీ వస్తాము.

ఇక చెయ్యకూడనివి. నోటితో ఊదకండి. ఊదిన నూగు మీ ముఖం మీదికీ, మీ కళ్ళలోకీ, మళ్ళీ మిషను లోపలికీ పోతుంది. కొన్ని కార్ఖానాల్లో గాలి పైపు పెట్టి ఫట్‌మని ఊదేస్తారు. చూడటానికి ఒక్క నిమిషంలో పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ నూగు అక్కడి నుంచి లేచి గదంతా పరుచుకుంటుంది. పక్క మిషను మీద, పై దూలాల మీద, ట్యూబులైట్ల మీద, మన అన్నం డబ్బాల మీద వాలుతుంది. ఆ గాలి కంటికి తగిలితే కన్ను పోవచ్చు. చేతనైతే పీల్చే మిషను పెట్టాలి, కాకపోతే కుంచె వాడాలి. ఊదటం మాత్రం శుభ్రం చెయ్యడం కాదు.

కిరసనాయిలుతో కడగటం కూడా మానాలి. నూగు నిండిన గదిలో కిరసనాయిలు గుడ్డ ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

మగ్గాలు నడిపే అన్నలకు కూడా ఒక మాట. సాంచా నడుస్తుండగానే కింద చెయ్యి పెట్టి నూగు లాగే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఎందుకు ఉంది? సోమరితనం వల్ల కాదు. సాంచా ఆపితే మీటర్లు తగ్గుతాయి, మీటర్లు తగ్గితే పగారు తగ్గుతుంది. మిషనులో పడి నలిగిన వేలును చూసి "అజాగ్రత్త" అని రాసుకుంటారు. ఆ వేలును లోపలికి నెట్టింది మీటరు రేటు అని ఎవరూ రాసుకోరు.

ఊపిరి సంగతికి వద్దాం. పత్తి ధూళిని ఏళ్ళ తరబడి పీల్చినవారికి వచ్చే జబ్బును డాక్టర్లు బిసినోసిస్ అంటారు. దానికొక గుర్తు ఉంది. వారపు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజు రొమ్ము బిగబట్టినట్టవుతుంది, ఆయాసం, దగ్గు వస్తాయి. మర్నాటికి కాస్త తగ్గుతుంది. అందుకే మనం "సెలవు రోజు తిన్నది పడలేదు" అనుకుని ఊరుకుంటాం. కొన్నేళ్ళకు ఆ బిగువు రెండో రోజుకూ, మూడో రోజుకూ సాగుతుంది. తర్వాత వారమంతా ఉంటుంది. అప్పటికి ఊపిరితిత్తులకు జరిగిన నష్టం తిరిగి రాదు. బీడీ, సిగరెట్టు తాగేవారికి ఇది మరింత కీడు చేస్తుంది.

నిజం దాచకుండా చెప్పాలి. ఈ జబ్బు అన్నిటికన్నా ఎక్కువగా పత్తి విప్పి ఏకే విభాగాల్లో వస్తుంది. మగ్గం దగ్గర తక్కువ, కుట్టు మిషను దగ్గర ఇంకా తక్కువ. కానీ మన సోలాపూర్‌లో పని గదులకు ఆ గీతలెక్కడున్నాయి? చాలాచోట్ల సాంచాల వరుస పక్కనే తువ్వాళ్ళు కోస్తారు, ఆ పక్కనే అంచులు కుడతారు. కొన్నిచోట్ల గోడకు అవతలే కాపురం ఉంటుంది. పెద్దలు పని చేసే గాలినే ఉయ్యాలలో ఉన్న బిడ్డ కూడా పీలుస్తుంది. ముక్కుకు కట్టుకునే కొంగు పెద్ద పీచును ఆపుతుంది గానీ, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని ధూళిని ఆపలేదు. దాన్ని పుట్టినచోటే పట్టుకోవాలి.

ఈ పోరాటం మనమొక్కరమే చేస్తున్నది కాదు. అమెరికాలో కరోలినా రాష్ట్రాల మిల్లు కార్మికులు ఈ జబ్బును 'బ్రౌన్ లంగ్' అని పిలిచి, 1975లో సంఘం పెట్టుకున్నారు. ఆయాసంతో నాలుగు మెట్లు ఎక్కలేని ముసలి కార్మికులు అధికారుల ముందుకు వెళ్ళి సాక్ష్యం చెప్పారు. 1978లో అక్కడి ప్రభుత్వం గాలిలో పత్తి ధూళికి హద్దు పెట్టింది. నూలు వడికే చోట ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాములు, నేసే చోట 750. యజమానులు కోర్టుకెక్కారు. 1981లో అక్కడి సుప్రీం కోర్టు ఆ హద్దును నిలబెట్టింది. దగ్గుతూనే సాధించారు వాళ్ళు.

మన దేశ చట్టంలోనూ పత్తి ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు వృత్తి జబ్బుల పట్టికలో ఉంది. కానీ డాక్టరు కాగితం మీద ఆస్తమా అని రాసి, మనం ఏ పని చేస్తామో రాయకపోతే ఆ పట్టిక మనకు అక్కరకు రాదు. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్ళినా, ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందుగా చెప్పండి: "నేను ఇన్నేళ్ళుగా పత్తి నూగులో పనిచేస్తున్నాను. సెలవు తర్వాత మొదటి రోజు రొమ్ము పట్టేస్తుంది." ఆ మాట కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం జాగ్రత్త చేసుకోండి.

ఇక మంట. 2025 మే 18 తెల్లవారుజామున ఇక్కడే, అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో, తువ్వాళ్ళు తయారయ్యే కార్ఖానాలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. అందులో యజమాని కుటుంబం వారున్నారు, కార్మికుల కుటుంబం వారున్నారు. మంటకు సేఠ్ ఎవరో కూలీ ఎవరో తెలియదని ఆ రోజు సోలాపూర్ చూసింది. ఆ ప్రమాదానికి నూగు కారణమని మేము చెప్పడం లేదు. మేము చెప్పేది ఒక్కటే. మోటారు గాలి రంధ్రాల్లో, స్విచ్చి బోర్డు వెనక, ట్యూబులైటు చోకు మీద పేరుకున్న నూగు చిన్న నిప్పురవ్వకు కూడా అంటుకుంటుంది. దూలాల మీద పేరుకున్న నూగు ఆ మంటను గది ఈ చివర నుంచి ఆ చివరకు మోసుకుపోతుంది. అందుకని కుంచె మిషను దగ్గరే ఆగకూడదు. వారానికొకసారి కరెంటు మొత్తం ఆపి, పై నుంచి కిందికి, దూలం నుంచి నేల దాకా శుభ్రం కావాలి. బయటికి వెళ్ళే తలుపుకు అడ్డంగా సరుకు మూటలు ఉండకూడదు. రాత్రి మనుషులు లోపల ఉండగా బయట తాళం పడకూడదు.

ఇప్పుడు ఆ పది నిమిషాల దగ్గరికి వద్దాం.

మన తాతలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి మగ్గం పని తెలిసిన చేతులతో ఈ ఊరొచ్చారు. 1877లో మొదలైన తొలి మిల్లులోనూ, దాని వెనక వచ్చిన మిల్లుల్లోనూ పాళీ పాళీకీ పనిచేశారు. మిల్లు పని కష్టమే, ముకద్దం నోరు చెడ్డదే. కానీ మిల్లుల్లో నూనె వేసేవాడు వేరు, ఊడ్చేవాడు వేరు, మిషను శుభ్రం చేసేవాడు వేరు. నేసేవాడి పని నెయ్యడం. నూగు తియ్యడమూ ఒక పనే అని మిల్లు మస్టరు ఒప్పుకుంది, దానికి మనిషిని పెట్టింది, ఆ మనిషికి పగారిచ్చింది.

తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని చిన్న చిన్న సాంచా కార్ఖానాల్లోకీ, అక్కడి నుంచి ఇళ్ళలోకీ వచ్చింది. నేసేవాడు వచ్చాడు, కుట్టేవాళ్ళు వచ్చారు. నూనె వేసేవాడు మాత్రం రాలేదు. అతని ఉద్యోగం పోయింది గానీ అతని పని పోలేదు. ఆ పని మన తల మీద పడింది. అతని పగారు మాత్రం మన చేతికి రాలేదు.

ఎంత పగారు పోయిందో లెక్క చూడండి. రోజుకు పది నిమిషాలు. నెలకు 26 పని దినాలైతే 260 నిమిషాలు. ఏడాదికి 3,120 నిమిషాలు, అంటే 52 గంటలు. ఎనిమిది గంటల పాళీ లెక్కన ఆరున్నర రోజులు. ప్రతి మనిషీ ఏడాదికి ఆరున్నర రోజులు కూలి లేకుండా పనిచేస్తోంది. ముప్పై మిషన్లున్న కార్ఖానాలో ఏడాదికి 195 రోజుల పని ఉచితంగా జరుగుతోంది. ఆ పని చెయ్యకపోతే ఏమవుతుంది? కుట్టు తప్పుతుంది, కోత పడుతుంది. చేస్తే కూలి లేదు, చెయ్యకపోతే కోత. ముందు గొయ్యి, వెనక నుయ్యి.

చట్టం ఏమంటోందని మీరడుగుతారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 14వ సెక్షను ధూళిని పుట్టినచోటే తొలగించే ఏర్పాటు యజమాని చెయ్యాలని చెప్పింది. 22వ సెక్షను కదులుతున్న యంత్రాల దగ్గర పనికి హద్దులు పెట్టింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త వృత్తి భద్రత కోడ్ వచ్చింది. ధూళి లేని పని వాతావరణం కల్పించే బాధ్యత అందులోనూ యజమాని మీదే ఉంది. అయితే ఒక మార్పు గమనించండి. పాత చట్టంలో కరెంటు వాడేచోట 10 మంది ఉంటే అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో 20 మంది ఉండాలి. మన సాంచా కార్ఖానాల్లో ఎన్నింటిలో 20 మంది మస్టరు మీద కనిపిస్తారో మీకే తెలుసు. కాబట్టి చట్టం పుస్తకం చేతిలో పెట్టుకుని కూర్చుంటే చాలదు. కార్ఖానా వారీగా ఒప్పందం రాయించుకోవాలి.

ఆ ఒప్పందంలో ఉండాలని మేము ప్రతిపాదిస్తున్నవి ఇవి:

1. ప్రతి పాళీలో మిషను ఆపి శుభ్రం చేసుకోవడానికి పది నిమిషాలు ఇవ్వాలి. ముక్కల లెక్క, మీటరు లెక్క మీద పనిచేసేవారికి ఆ పది నిమిషాల కూలి విడిగా కట్టివ్వాలి.

2. కుంచె, చిమటా, గుడ్డ, మిషను నూనె యజమానే ఇవ్వాలి. వాటి ఖర్చు పగారులో కోయరాదు.

3. నడుస్తున్న మిషనులో, మగ్గంలో చెయ్యి పెట్టమని ఎవరూ ఎవరినీ బలవంతపెట్టరాదు. ఆపినందుకు తగ్గిన ముక్కలకు కోత ఉండరాదు.

4. గాలి పైపుతో ఊదటం ఆపాలి. నూగు పీల్చే మిషను కార్ఖానాకొకటైనా పెట్టాలి.

5. వారానికొకసారి కరెంటు ఆపి దూలాలు, లైట్లు, మోటార్లు, స్విచ్చి బోర్డులు శుభ్రం చేయించాలి. అది కూడా కూలి పనే.

6. మిషను మరమ్మతు లేక కుట్టు తప్పితే ఆ ముక్కకు కోత వెయ్యరాదు.

ఇంట్లో మిషను పెట్టుకుని డజన్ల లెక్కన కుట్టే అక్కలకు ఈ ఒప్పందం ఎలా వర్తిస్తుందని అడిగారు. న్యాయమైన ప్రశ్న. వారికి గంటల లెక్క ఉండదు కాబట్టి డజను రేటులోనే నూనె, సూది, శుభ్రం చేసే సమయం కలిపి అడగాలి. ఒక్కరు అడిగితే మూట వెనక్కి పోతుంది, పక్కింటికి వెళ్తుంది. గల్లీ అంతా ఒకే రేటు చెబితే మూట ఎక్కడికీ పోదు. ఈ గల్లీ నుంచే అది మొదలు కావాలి.

యజమానులతోనూ ఒక మాట. ఇందులో మీకు నష్టం లేదు. నూగు తీసిన మిషను ఎక్కువ కాలం నడుస్తుంది, సూదులు తక్కువ విరుగుతాయి, సరుకు వెనక్కి రాదు. మేము అడుగుతున్నది మీ మిషనును బాగా చూసుకునే వ్యవధి. ఆ వ్యవధికి కూలి.

అక్కలారా, అన్నలారా! రేపు పొద్దున పనికి కూర్చునే ముందు సూది కింది ప్లేటు విప్పి చూడండి. ఎంత నూగు వస్తే అంత ఒక కాగితంలో పొట్లం కట్టి, మీ మిషను నెంబరు రాసి సంఘం ఆఫీసుకు తెండి. ఏ కార్ఖానా నుంచి ఎంత వచ్చిందో రాసి పెడతాము. యజమానులతో మాటలకు కూర్చున్న రోజు ముందు ఆ పొట్లాలే బల్ల మీద పెడతాము. మన డిమాండు ఏమిటో అవే చెబుతాయి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!